విరిగిన శిలాజానికి అతుకు



ఆవడి వాసులకు శిలాజం దూరదేశపు వస్తువు కాదు. ఇక్కడికి వాయవ్యాన ఉన్న అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ ఆదిమానవుని రాతి పనిముట్లను కనుగొన్నారు. తరువాతి త్రవ్వకాలలో అక్కడే జంతువుల శిలాజ దంతాలు లభించాయి. నైరుతిన శ్రీపెరుంబుదూరు పరిసరాల రాతిపొరలలో ప్రాచీన వృక్షాల ఆకుల ముద్రలున్నాయి.

అయితే శిలాజం మ్యూజియంలో కనిపించే రూపంలో భూమిలో దొరకదు. పగిలి, నలిగి, రాతిలో చిక్కుకొని ఉంటుంది. దానిని విడిపించి నిలబెట్టడం ఒక శాస్త్రం, ఒక నీతి కూడా.

తెలుగునేలపై దీనికి గొప్ప ఉదాహరణ కోటసారస్. యామన్‌పల్లి వద్ద 1970వ దశకం చివరలో దాని ఎముకలు బయటపడ్డాయి. సుమారు 2,400 చదరపు మీటర్ల స్థలంలో 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి, కలగాపులగంగా లభించాయి. జియొలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు నామకరణం చేశారు. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటరులో నిలబెట్టారు.

ఇటువంటి పనికి క్రమం ఉన్నది. ఎముకను పెకలించకముందే దాని స్థానాన్ని పటంలో గుర్తించి, సంఖ్య వేయాలి. పిదప తడికాగితం కప్పి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెగుడ్డ పట్టీలు చుట్టాలి; విరిగిన చేతికి వైద్యుడు కట్టే కట్టువంటిదే ఇది. ప్రయోగశాలలో ఆ కట్టు విప్పి, భూతద్దం క్రింద సూదులతో, గాలి ఒత్తిడితో పనిచేసే చిన్న ఉలితో రాతిని రేణువు రేణువుగా తొలగిస్తారు. సున్నపురాయి అయితే పలుచని అసిటిక్ ఆమ్లం దానిని కరిగిస్తుంది. ఎముకలోని ఫాస్ఫేటు చాలవరకు నిలుస్తుంది. పొడిగా రాలే ఎముకకు అసిటోనులో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు పట్టిస్తారు. అవసరమైతే మళ్ళీ కరిగించి తీయగలగడమే దాని గుణం. రేపటి శాస్త్రజ్ఞుడు నేటి పొరపాటును దిద్దుకొనే వీలుండాలి కదా!

లోపించిన భాగాలను పూరించేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. పూరించిన చోటు అసలు ఎముకనుండి వేరుగా గుర్తుపట్టేటట్లు ఉండాలి. ఏ భాగం అసలుదో, ఏది ఊహో రికార్డులో వ్రాయాలి. కోటసారస్ ఎముకలు అన్ని లభించినా, దంతాలు తప్ప పుర్రె దొరకలేదు. 1975లో నామకరణం పొందిన బరపాసారస్ కథయూ అంతే. గోదావరి లోయలో సిరోంచ ప్రాంతపు పోచంపల్లి వద్ద దొరికిన సుమారు 300 ఎముకలతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దానిని నిలబెట్టింది. దాని పుర్రె కూడా లభించలేదు. అటువంటి జంతువుకు తల అమర్చాలంటే బంధుజాతుల తలలే ఆధారం. అది మోసం కాదు. ఊహ అని చెప్పకపోతే మాత్రం మోసమవుతుంది.

మహాశయులారా, పిల్లలకు ఎక్కడైనా ఆకుముద్ర గల రాయి కనిపిస్తే సుత్తితో కొట్టవద్దని చెప్పండి. ఉన్నచోటనే ఫొటో తీసి, స్థలము, తేదీ వ్రాసుకొని భూగర్భశాస్త్రజ్ఞులకు తెలుపమనండి. చిరునామా పోయిన శిలాజం సగం మూగది. పోయినదానిని పోయినట్లు చెప్పి, ఉన్నదానిని పదిలంగా నిలిపే నిజాయితీయే ఈ విద్య బోధించే పాఠం.