ఎలాగూ కడుతున్నాం కదా!



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అమెరికాలో పదిమంది కలిసి కమ్యూనిటీ హాలు కట్టడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసి ఉంటే ఆ సామెతలో దాన్నే ముందు పెట్టేవారు. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. లెక్కలు బాగా వేస్తానని మా ఊరి తెలుగువాళ్ళు నన్ను హాలు కమిటీకి కోశాధికారిని చేశారు. మీలో గుడో, సాంస్కృతిక కేంద్రమో కట్టాలనుకుంటున్నవారు చాలామంది ఉన్నారని విన్నాను. మేము చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మొదటి తప్పు నా స్ప్రెడ్‌షీటులోనే ఉంది. చదరపు అడుగుకు ఇంత అన్న ధరని వైశాల్యంతో గుణించి, అదే బడ్జెట్ అనుకున్నాను. గోడలు, కప్పు లెక్కలోకి వచ్చాయి. ఆర్కిటెక్టు ఫీజు, మట్టి పరీక్ష, పర్మిట్లు, ఇన్సూరెన్సు, కడుతున్నంతకాలం బ్యాంకు వడ్డీ రాలేదు. పార్కింగు, వాననీరు నిలవడానికి తవ్వాల్సిన గుంట, మంటలార్పే స్ప్రింక్లర్లు రాలేదు. ఇక వంటగది సంగతి చెప్పనే అక్కర్లేదు. మనం గారెలు వేయించుకోవాలంటే పొయ్యిల మీద పెద్ద హుడ్డు, కాలువలోకి నూనె పోకుండా గ్రీజు ట్రాప్ కావాలి.

రెండో తప్పు చందాల లెక్క. విందులో చెయ్యెత్తి ప్రకటించిన చందా వేరు, బ్యాంకులో పడిన చందా వేరు. కాంట్రాక్టరు బిల్లు నెలనెలా వస్తుంది. చందాలేమో పన్ను మినహాయింపు గుర్తుకొచ్చే డిసెంబరులో వస్తాయి. మొత్తం ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఏ నెలకి ఎంతన్నది కూడా రాసుకోవాలి.

అసలు దెబ్బ మాత్రం మూడోది. అనుకోని ఖర్చులకని పది శాతం కంటింజెన్సీ పక్కన పెట్టాం. అది కళ్ళముందు కనిపిస్తుంటే ఎవరి నోరూ ఊరుకోలేదు. ఎలాగూ కడుతున్నాం కదా, గ్రానైట్ వేద్దాం. ఎలాగూ కడుతున్నాం కదా, ముఖద్వారం పెద్దది చేద్దాం. ఇతరులని ఎందుకు అనాలి? స్టేజీ ఆరడుగులు వెడల్పు చేస్తే కూచిపూడి పిల్లలకు బాగుంటుందని సైటులో ఎవరో అంటే, బాగుంటుందని తలూపింది నేనే. కాంట్రాక్టరు దాన్ని అనుమతిగా తీసుకున్నాడు. స్టేజీ పెరిగేసరికి దూలం మారింది, ఏసీ గొట్టాలు జరిగాయి, నక్షాలు మళ్ళీ సిటీ ఆఫీసుకి వెళ్ళాయి. నా తలూపుడు ఖరీదు 38 వేల డాలర్లు. కోడ్‌లో ఓ లైను మార్చి రాత్రికి రాత్రే మళ్ళీ కంపైల్ చేసుకునే అలవాటు నాది. పోసిన కాంక్రీటుకి ఆ వెసులుబాటు లేదు.

తర్వాత వీధిలోంచి వచ్చే నీటి పైపు స్ప్రింక్లర్లకి చాలదని తేలింది. కంటింజెన్సీ ఉన్నదే ఇలాంటి వాటికి. అప్పటికి అందులో ఏమీ మిగల్లేదు. చేసేది లేక పిల్లల తెలుగు బడి గదిని చట్రాల దశలోనే ఆపేశాం.

సిడ్నీ ఒపేరా హౌస్ కథ మీకు తెలిసే ఉంటుంది. 1957లో అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. 1973లో తెరిచేనాటికి అయింది 10 కోట్ల 20 లక్షలు. కప్పు డిజైను తేలకుండానే 1959లో పని మొదలుపెట్టారు. కట్టిన స్తంభాలు ఆ బరువుకి చాలక మళ్ళీ కట్టారు. అంతవాళ్ళకే తప్పలేదు, మనమెంత!

అందుకే నా విన్నపాలు. నక్షాలు పూర్తికానిదే పార పట్టకండి. మార్పు ఏదైనా సరే ధర ఎంత, ఆలస్యం ఎన్నిరోజులు అన్నది కాగితం మీదకి వచ్చాకే సరేననండి. సైటులో ఎవరూ తలూపకండి. ప్రతి బిల్లులో కొంత శాతం పని పూర్తయ్యేదాకా ఆపి ఉంచండి. పనివాళ్ళకీ, సామాను ఇచ్చినవాళ్ళకీ డబ్బు ముట్టినట్టు లియన్ వైవర్లు తీసుకోండి. లేకపోతే కాంట్రాక్టరు బాకీకి మీ హాలు మీద లియన్ పడుతుంది. ఇంతవరకు ఎంత ఖర్చయింది, ఎంతకు మాట ఇచ్చేశాం, పూర్తికావడానికి ఇంకెంత కావాలి అన్న మూడు అంకెలూ నెలనెలా దాతలందరికీ పంపండి. మూడోదే ముఖ్యం. మేము మొదటిదే చూసుకుని మురిసిపోయాం.

చివరగా ఒక మాట. కొడుకుని చూడడానికి వచ్చిన ఒక పెద్దావిడ, పిల్లలు అక్షరాలు దిద్దుకునే గదికని నా చేతిలో నూట పదహారు డాలర్లు పెట్టింది. ప్రారంభోత్సవం నాడు హాలంతా తిరిగి చూసి, "నా గది ఏది బాబూ?" అని అడిగింది. గ్రానైట్ మీద నిలబడి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ గది పూర్తి కావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పటికి ఆవిడ ఇండియాకి వెళ్ళిపోయింది. వాళ్ళబ్బాయి చేత ఫోటో పంపించాం.

బడ్జెట్ అంటే అంకెల పట్టిక అనుకునేవాణ్ణి. అది మనం దాతలకిచ్చిన మాట. ఈసారి మీ నోట "ఎలాగూ కడుతున్నాం కదా" అని వచ్చినప్పుడు, ఆ డబ్బు ఎవరి గదిలోంచి వస్తోందో ఒక్కసారి ఆలోచించండి.

సెలవు.