చేపలకంటే ముందు నీళ్లు

ఇంట్లో కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్లు చాలామంది తొట్టినీ, చేపల్నీ ఒకేరోజు తెచ్చేస్తారు. వారం తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటిగా చచ్చి తేలతాయి. చాలాసార్లు అందుకు కారణం కంటికి కనిపించని అమ్మోనియా.

చేపల విసర్జన నుంచి, తినగా మిగిలి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ కొద్దిగా ఉన్నా ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియాలు ఫిల్టర్ స్పాంజిలో, అడుగునున్న గులకరాళ్ల మీద స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేపలు వేయకుండా ఫిల్టర్ నడపండి. బ్యాక్టీరియాలకు అమ్మోనియా అందేలా రోజూ చిటికెడు మేత వేయండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి, తొట్టిలో పోసేముందు యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి.

ఇక పరీక్ష. నీటిని పరీక్షించే కిట్‌లోని గాజు గొట్టంలో గీత వరకు తొట్టి నీళ్లు పోసి, కిట్ సూచనల్లో చెప్పినన్ని ద్రావణం చుక్కలు వేసి కుదపండి. చెప్పినంతసేపు ఆగి, రంగును కార్డుతో పోల్చండి. చాలా కిట్లలో పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపిస్తే నీళ్లు సిద్ధమైనట్టే. రెండు మూడు గప్పీ చేపలతో మొదలుపెట్టండి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ముందు కిట్ కొనండి, చేపల్ని తర్వాత తెచ్చుకోండి.