నోరు చూశారు, నీళ్ళు కూడా చూడండి

(దర్శి ప్రాంతంలోని ఒక పల్లెలో ఉచిత దంతవైద్య శిబిరం ముగిశాక చేసిన ప్రసంగం)



నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఐదో తరగతిలో మా అయ్యవారు నన్ను లేపి నిలబెట్టి, "పళ్ళు తోమవంట్రా? ఆ గార ఏంది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం చిగుళ్ళు రక్తం కారేదాకా కచికతో రుద్దుకున్నా. గార పోలేదు. నవ్వొస్తే నోటికి చెయ్యడ్డం పెట్టుకోవటం మాత్రం అలవాటైంది.

అది మురికి కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. మన మెట్టలో రాళ్ళలోని ఫ్లోరైడు బోరు నీళ్ళలో దిగుద్ది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్ళ లోపే, ఆ నీళ్ళు పన్నును పాడుచేస్తయి. బైటికొచ్చాక ఎంత రుద్దినా పోదు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలూ వంగుతయి.

ఇదేమన్నా కొత్త సంగతా? 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు సంగతి డాక్టర్లు రాశారు. మన కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఈ జిల్లాలోకి వచ్చినయి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం కూడా పెట్టింది. జిల్లాల పేర్లు మారినయి, పథకాల పేర్లు మారినయి. మన పిల్లల పళ్ళు మాత్రం మారలేదు.

ఊళ్ళోవాళ్ళు తాగేదీ ఆ నీళ్ళే కదా అనొచ్చు. నిజమే, ఫ్లోరైడుకు కులం లేదు. కానీ డబ్బా నీళ్ళు కొనటానికి డబ్బు కావాలి. పాలూ పెరుగూ తినే ఒంటికి దెబ్బ తక్కువ, గంజి తాగే ఒంటికి ఎక్కువ. కులం అక్కడ కనపడుద్ది.

ఇంతకుముందూ ఒక శిబిరం పెట్టారు. ఊరి నడిబొడ్డున, పొద్దున పది గంటలకు. మిరపకోతల రోజులు. మన ఆడోళ్ళు తెల్లారకముందే ఆటోలెక్కి పోయారు. పొద్దుగూకి వచ్చేసరికి టెంటు లేదు. ఫొటోలు పేపర్లో పడ్డయి. మన పిప్పిపళ్ళు మన నోళ్ళలోనే ఉన్నయి.

ఈసారి ఈ పిల్లలు పల్లెలోకే వచ్చారు. ఆదివారం సాయంత్రం, కూలోళ్ళు ఇల్లు చేరాక మొదలుపెట్టారు. వీళ్ళలో ఇద్దరు మన గూడేల బిడ్డలే, రిజర్వేషన్ సీటులో చదివినోళ్ళు. మన నోట్లో చెయ్యి పెట్టటానికి వెనకాడలేదు. అందుకు దణ్ణం పెడుతున్నా.

అయితే చిన్న డాక్టర్లారా, మూడు మాటలు చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. ఒకటి, మళ్ళీ రండి. ఇవాళ పన్ను పీకించుకున్నవాడికి రేపు వాస్తే ఎవరికి చూపించుకోవాలి? రెండు, చుట్ట తాగే అవ్వ బుగ్గలో తెల్లమచ్చ చూసి పెద్దాసుపత్రికి చీటీ రాశారు. మంచిది. పొగాకు క్యాన్సరు తొలిరోజుల్లో దొరికితేనే బతుకుతారు. కానీ అవ్వకు బస్సు ఛార్జీ లేదు, తోడుపోయే కూతురికి ఆ రోజు కూలి పోద్ది. చీటీ రాసి ఊరుకోకండి, అక్కడ మీవాళ్ళకు ఒక ఫోను చెయ్యండి. మూడు, ఎంతమంది పిల్లలకు గార ఉందో లెక్క రాసి, కింద సంతకం పెట్టివ్వండి. మేం చెబితే కూలోళ్ళ గోల అంటారు. డాక్టరు కాయితం చూస్తే కలెక్టరాఫీసులో కుర్చీ కదులుద్ది.

ఇక మనం. అవ్వకు తోడు ఎవరు పోతారో ఇప్పుడే, ఇక్కడే పేరు చెప్పాలి. నీళ్ళ అర్జీ మీద ఇంటికొక వేలిముద్రో సంతకమో పడాలి.

నీళ్ళడగటం మనకు కొత్తా? 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో దోసిలి ముంచాడు. 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. మురికి చెయ్యొద్దన్నందుకు మీదికొస్తే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆ బిందె ఇంకా దించలేదు మనం.

మన బళ్ళో ఒక పిల్ల ఉంది. పాఠం బాగా చెబుద్ది, నవ్వమంటే మూతి బిగిస్తది. "అమ్మా, ఇది నీ తప్పు కాదు, నీళ్ళ తప్పు" అని ఇవాళ డాక్టరమ్మ చెప్పింది. ఆ పిల్ల చెయ్యి తీసి నవ్వింది. దాని చెల్లెలికి ఇంకా పాలపళ్ళే. దాని కోసమన్నా మంచినీళ్ళు తెచ్చుకుందాం.

జై భీమ్!