నేల మోయగలిగినంత



ఈ దినమున ధ్యానము కొరకు మీ బైబిలులో ఆదికాండము 13వ అధ్యాయము తెరవండి. అబ్రాము, లోతు ఐగుప్తు నుండి తిరిగి వచ్చి, బేతేలుకు హాయికి మధ్య గుడారములు వేసుకున్నారు. ఇద్దరికీ గొర్రెలు, గొడ్లు విస్తారం. మేత చాలలేదు. కాపరులు జగడమాడుకున్నారు. 6వ వచనము నిదానముగా చదవండి. నేల చాలకపోవడానికి అక్కడ చెప్పిన కారణము మనుషులు ఎక్కువ కావడం కాదు, వారి ఆస్తి ఎక్కువ కావడం.

జీవావరణ శాస్త్రము చెప్పేదీ ఇదే. ప్రతి నేలకూ మోయగల శక్తి ఒకటుంది. ఇరవై గొర్రెలు మేసే బీడులో నలభై తోలితే ఏమవుతుంది? గడ్డిని వేళ్ళతో సహా పెరికి తింటాయి. మరుసటి ఏడు అక్కడ పది గొర్రెలకు కూడా మేత దొరకదు. కాపరులకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు.

మన కొత్తచెరువు సంగతి చూద్దాం. ఊరి పేరులోనే చెరువుంది, కాని వాన తక్కువ. మన ప్రాంతములో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురుస్తుంది. అంటే ఎకరా మీద సుమారు 22 లక్షల లీటర్లు. అందులో చాలా భాగము ఎండకు ఆవిరైపోతుంది. ఒక వరి పంటకు 1000 మిల్లీమీటర్లకు పైగా నీరు కావాలి. కాబట్టి ఇక్కడ ఒక ఎకరా వరి పండించేవాడు పక్క ఎకరాల వాన కూడా తాగుతున్నాడు.

ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 1971లో సుమారు 21 లక్షలు, 2011లో దాదాపు 41 లక్షలు. నలభై ఏళ్ళలో జనము రెట్టింపైంది, వాన రెట్టింపు కాలేదు. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అయితే బిడ్డలు ఎక్కువైనందువల్లే ఈ కష్టమని తేల్చివేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనసంఖ్య నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కంటే ఇది తక్కువ. కుటుంబము చిన్నదైంది. బోరు మాత్రం లోతైంది.

అన్న 300 అడుగుల బోరు వేస్తాడు. తమ్ముడు 500 అడుగులు వేస్తాడు. అన్న బోరు ఎండిపోతుంది. అప్పు తెచ్చి అన్న 800 అడుగులకు దిగుతాడు. మనది రాతి నేల, పగుళ్ళలో నిలిచినదే నీరు. ఇద్దరూ లాగేది ఒకే కుండలో నుండి. అప్పులు మిగిలాయి, మాటలు ఆగిపోయాయి. ఆదివారము ఇద్దరూ ఒకే మందిరములో వేరువేరు బల్లల మీద కూర్చుంటారు. ప్రియులారా, ఇది కాపరుల జగడము కాదా?

అబ్రాము పెద్దవాడు. ముందుగా ఏరుకునే హక్కు అతనిది. అయినా ఆ హక్కు వదులుకుని, నీకు నచ్చిన వైపు నీవే తీసుకొమ్మని లోతుతో అన్నాడు. నీళ్ళున్న మైదానము లోతుకు పోయింది, దేవుని వాగ్దానము అబ్రాముతో నిలిచింది. ఆనాడు వేరుపడి వెళ్ళడానికి ఖాళీ భూమి ఉంది. మనకు లేదు. కాబట్టి విడిపోవడం కాదు, పంచుకోవడమే మనకు మిగిలిన మార్గము.

ఈ వారములో ఒక పని చేయండి. అన్నదమ్ములు ఒకే బోరు పంచుకునే మాట మొదలుపెట్టండి. వరి మాని కొర్ర, కంది, జొన్న వేయడం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. చెరువుకు నీరు వచ్చే వంకకు మీ గట్టు అడ్డముంటే తీసివేయండి. వంద చదరపు మీటర్ల మందిరపు కప్పు మీద ఏడాదికి 55 వేల లీటర్ల వాన పడుతుంది. సంఘమంతా కలిసి దానికొక ఇంకుడు గుంత తవ్వండి. ఆదామును తోటలో ఉంచినది దాన్ని సేద్యపరచడానికి మాత్రమే కాదు, కాయడానికి కూడా.

ప్రార్థించుకుందాం. పరలోకపు తండ్రీ, నీవిచ్చిన వానకు స్తోత్రము. మా పొరుగువాని పాలు మేము తాగివేసినందుకు క్షమించుము. మా బిడ్డలకు ఎండిన బావులను కాక, నిండిన చెరువును విడిచివెళ్ళే మనసు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.