పెట్టుడు పళ్ళు, దొంగ నోట్లు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఆంగ్లం అబ్బదేమోనని ఈ కన్నడ సీమలో మన తల్లిదండ్రులు కొందరు బెంగపడుతుంటారు. అందుకు సమాధానంగా తొమ్మిదవ తరగతిలో నేను బోధించే ఒక పాఠాన్ని మీ ముందుంచుతాను.

అసలు కానిదానిని ఆంగ్లేయులు ఒకే మాటతో సరిపుచ్చరు. నోటయితే ‘కౌంటర్‌ఫీట్’, సంతకమయితే ‘ఫోర్జరీ’, పళ్ళయితే ‘ఫాల్స్’, కాలయితే ‘ఆర్టిఫిషియల్’. మోసగించే తలంపు ఉన్నదా, లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం. ‘ఆర్టిఫిషియల్’ మాటకు మూలమైన లాటిన్ పదానికి నేర్పు అని అర్థం. అందులో నింద లేదు.

నిఘంటువు తెరవకముందే పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను. దొంగ నోటు, దొంగ ఏడుపు, దొంగ నిద్ర అంటారు గదా, మీ తాతగారివి దొంగ పళ్ళా? తరగతి అంతా ఘొల్లున నవ్వుతుంది. “పెట్టుడు పళ్ళండీ!” అంటారు. ఆ భేదం వారికి ఇంట్లోనే పట్టుబడింది. గిల్టు నగ పెట్టుకున్న అమ్మాయిని ఎవరూ తప్పుపట్టరు. దానిని బంగారమని అమ్మినవాడిని పడతారు. బజారులో వినే కన్నడపు ‘ఖోటా నోటు’ను కూడా పిల్లలు ఈ వరుసలో చేర్చుతారు.

ఈ మాటల పుట్టుక మరీ వింత. 1732లో మరణించిన క్రిస్టఫర్ పించ్‌బెక్ అనే లండను గడియారాల పనివాడు రాగి, యశదం కలిపి బంగారు వన్నెగల లోహం తయారుచేశాడు. పాపం, ఆయన ఇంటిపేరే నకిలీకి పర్యాయపదమయింది! బర్మింగ్‌హామ్ నగరానికీ ఇదే గతి; పదిహేడవ శతాబ్దంలో అక్కడి దొంగనాణేల వల్ల ‘బ్రమ్మజెమ్’ అన్న మాట నిలిచింది. ‘బోగస్’ అన్నది 1827లో అమెరికాలోని ఒహాయోలో దొంగనాణేలు పోసే యంత్రానికి వాడిన పేరు. నేడు మన పత్రికలలో బోగస్ ఓట్లుగా స్థిరపడింది. ‘గిల్టు’ కూడా ఆంగ్లం నుండి వచ్చి మన నగల పెట్టెలో చేరినదే.

ఒకనాడు ఒక బాలిక లేచి, పెంపుడు తల్లిని ‘ఫాల్స్ మదర్’ అనవచ్చునా అని అడిగింది. అనరాదమ్మా, ‘ఫోస్టర్ మదర్’ అనాలి అన్నాను. ఆ ‘ఫోస్టర్’కు ప్రాచీనాంగ్లంలో ఆహారమని, పోషణమని అర్థం. మన ‘పెంపుడు’ మాత్రం పెంచుట నుండి వచ్చినది కాదా!