బెంగళూరుకు కాపురం మార్చే ముందు

(రోగుల బంధువుల సమావేశంలో చేసిన ప్రసంగం)

రాత్రంతా వార్డులో మీవాళ్లకు తోడుగా ఉండి, పొద్దున్నే వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

డిశ్చార్జి అయ్యే రోజున చాలామంది ఒక మాట అంటుంటారు. "ఇక ఊళ్లో ఉండి ఏం చేస్తాం? అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, అందరం అక్కడికే పోతాం. పెద్దాసుపత్రులు కూడా అక్కడే ఉన్నాయి కదా!" అని. ఆ ఆలోచన తప్పని నేను అనను. అనంతపురం, చిత్తూరు వైపు వారికి బెంగళూరు ఒక పూట ప్రయాణం. అక్కడ పని దొరుకుతుంది. నిమ్హాన్స్, జయదేవ, కిద్వాయి వంటి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కాని రోగి ఉన్న ఇల్లు కదిలేటప్పుడు మామూలు ఇంటి కంటే ఎక్కువ ఆలోచించాలి.

కొన్నేళ్ల క్రితం మా దగ్గర క్షయకు మందులు వాడుతున్న ఒక పెద్దాయన, రెండు నెలలు కాగానే కుటుంబంతో బెంగళూరు వెళ్లారు. కడుతున్న బిల్డింగు దగ్గర వాచ్‌మన్‌గా చేరారు. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఒళ్లు వచ్చింది. ఇక మాత్రలెందుకులే అనుకున్నారు. పైగా అక్కడ ఎవరిని అడగాలో తెలియదు, కన్నడం రాదు, ఒక పూట మానేస్తే జీతంలో కోత. నాలుగు నెలల తర్వాత దగ్గులో రక్తం పడుతుంటే తిరిగి మా దగ్గరికే తీసుకొచ్చారు. ఈసారి మనవడికి కూడా దగ్గు ఉంది. వాళ్లు నిర్లక్ష్యం మనుషులు కారు. వెళ్లేముందు ఒక చీటీ రాయించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అందుకే మొదటి మాట, మందు తెగకూడదు. మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గినంత మాత్రాన రోగం పోయినట్లు కాదు. మధ్యలో మానేస్తే క్రిములు మొండికేసి, మామూలు మందులకు లొంగవు. ఈ మందులు దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా ఉచితమే. మీకిచ్చిన నిక్షయ్ నంబరు చూపిస్తే అక్కడ కొనసాగిస్తారు. పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని కూడా 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెంచారు. బి.పి., షుగరు, మూర్ఛ మందులు కూడా ఇంతే, ఒక్క వారం కూడా తెగకూడదు. డయాలసిస్ రోగి అయితే అక్కడ సీటు ఖాయమయ్యాకే ఇల్లు కదలండి. ఇల్లు దొరికింది కదా, సీటు తర్వాత చూసుకుందామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రెండవది, కార్డులు. రేషన్ కార్డుకు ఆధార్ కలిపి ఉండి, అది కేంద్రం ఆహార భద్రత కిందిదైతే కర్ణాటకలో కూడా బియ్యం ఇస్తారు. అక్కడ ఆ దుకాణాన్ని న్యాయబెలె అంగడి అంటారు. మన ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైంది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పక్క రాష్ట్రంలో ప్రతి ఆసుపత్రీ ఆ కార్డు తీసుకోదు. మీ జబ్బుకు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మన ఆరోగ్యమిత్రను ముందే అడగండి. పింఛను సంగతి కూడా చూసుకోండి. 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. అది ఊళ్లో ఇంటి దగ్గర చేతికిచ్చే డబ్బు. దానికోసం రానుపోను ఖర్చెంతో లెక్క వేసుకోండి, సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

మూడవది, అడ్వాన్సు. బెంగళూరులో ఇంటి అడ్వాన్సు ఎక్కువ. ఆరు నెలలు, ఒక్కోచోట పది నెలల అద్దె కూడా ముందే అడుగుతారు. నెలకు 8,000 అద్దె అనుకుంటే, ఆరు నెలలకే 48,000 రూపాయలు. ఆ డబ్బు రోగి మందులకు దాచుకున్నది కాకుండా చూసుకోండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ కాగితం రాయించుకోండి.

నాలుగవది, నీళ్లు. బెంగళూరుకు కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పైకి ఎత్తి తెస్తారు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, జనం ట్యాంకర్ల కోసం బిందెలతో నిలబడ్డారు. మంచినీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చారు. ఆ అక్టోబరులో కావేరి ఐదవ దశ ప్రారంభమై, ఊరి చివర 110 గ్రామాలకు నీరు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అయినా మీరు చూసే ఇంటికి కావేరి కొళాయి ఉందా, బోరేనా, ట్యాంకరా అని అడగండి. మంచంపట్టిన మనిషికి రోజూ ఒళ్లు తుడవాలి, బట్టలు ఉతకాలి. నీళ్లు లేని ఇంట్లో పుండ్లు మానవు. కాచి చల్లార్చిన నీళ్లే తాగించండి.

ఐదవది, గాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మనకు చల్లగా, హాయిగా అనిపిస్తుంది. కాని ఉబ్బసం ఉన్నవారికి తెల్లవారుజాము చలి, రోడ్ల దుమ్ము, వాహనాల పొగ, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి పడవు. ఇన్‌హేలరు ఎప్పుడూ దగ్గర ఉండాలి. మెయిన్ రోడ్డు పక్కన, చెమ్మ గోడల ఇల్లు తీసుకోకండి. కొడుకూ కోడలూ ఇద్దరూ పనికి పోతే, మూడో అంతస్తు గదిలో మీ అమ్మానాన్నలు రోజంతా ఒంటరిగా ఉంటారు. ఆయాసం వస్తే మెట్లు దింపేదెవరు? ఊళ్లో అయితే కేకేస్తే పక్కింటివాళ్లు వస్తారు. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

చివరిగా, అందరూ ఒకేసారి కదలకండి. ముందు ఒకరు వెళ్లి పదిరోజులు ఉండి, ఇల్లు, నీళ్లు, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి లేదా నమ్మ క్లినిక్ చూసి రండి. బయలుదేరే ముందు డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రేలు, మందుల పేర్ల చీటీ, నెలకు సరిపడా మందులు ఒకే సంచిలో పెట్టి చేతిలోనే ఉంచుకోండి, సామాను లారీలో వేయకండి. అత్యవసరమైతే అక్కడ కూడా 108కే ఫోన్ చేయాలి.

వెళ్లాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. వెళ్లేటట్లయితే ఒక్కసారి మా దగ్గరికి వచ్చి చీటీ రాయించుకుని వెళ్లండి. దానికి డబ్బులు అక్కరలేదు, పావుగంట పడుతుంది, అంతే. సెలవు.