అతి చలిలో గాజు ఎందుకు మూగబోతుంది?

ఈరోజు మైనస్ 200 డిగ్రీల కింద ఉష్ణోగ్రతను ఎలా కొలుస్తారో చూద్దాం. పాదరసం థర్మామీటర్ సంగతి వదిలేయండి, అది మైనస్ 39 దగ్గరే గడ్డకట్టుకుపోతుంది.

ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది, ద్రవ హీలియం 4.2 దగ్గర. జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల వలయం ఉంది కదా, అందులోని ప్రధాన అయస్కాంతాలు 1.9 కెల్విన్‌లో పనిచేస్తాయి. 2008 సెప్టెంబరు 19న అక్కడ రెండు అయస్కాంతాల మధ్య ఒక అతుకు వేడెక్కి తెగింది. టన్నుల కొద్దీ హీలియం బయటికి చిమ్మింది. యంత్రం ఏడాదికి పైగా ఆగిపోయింది. వేడి ఎక్కడ మొదలవుతోందో ముందే తెలియడం ఎంత అవసరమో చూడండి!

మామూలు విద్యుత్ సెన్సార్లు మంచివే, చాలా కచ్చితమైనవి కూడా. కానీ ఒక్కోదానికి సాధారణంగా నాలుగు తీగలు కావాలి. వంద చోట్ల కొలవాలంటే నాలుగు వందల తీగలు! పైగా ఆ తీగల వెంటే బయటి వేడి లోపలికి పాకుతుంది. ఆప్టికల్ ఫైబర్ అయితే దాదాపు వెంట్రుక మందం, ఒకే పోగు మీద ఎన్నో సెన్సార్లు. అందులో నడిచేది కాంతి, కరెంటు కాదు.

ఫైబర్ లోపల అతి సన్నని చారలు రాస్తారు. వాటిని బ్రాగ్ గ్రేటింగ్ అంటాం. అవి ఒకే ఒక్క రంగు కాంతిని వెనక్కి పంపుతాయి. ఉష్ణోగ్రత మారితే ఆ రంగు కొద్దిగా జరుగుతుంది. మన గది వేడిలో 1550 నానోమీటర్ల దగ్గర డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చలి పెరిగేకొద్దీ గాజు స్పందన తగ్గిపోతుంది. 50 కెల్విన్ కిందికి వెళ్తే దాదాపు ఏమీ చెప్పదు, మూగబోతుంది. మరేం చేస్తారు? గాజు మీద సీసం, ఇండియం లాంటి లోహపు పూతో, ప్లాస్టిక్ పూతో వేస్తారు. అవి గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటాయి, ముడుచుకుంటూ గాజును కూడా నొక్కుతాయి. అంటే మనం చదివేది నిజానికి పూత చెప్పే మాట!

అయినా 10 కెల్విన్ కింద పూతలు కూడా పెద్దగా ముడుచుకోవు, కొలత మళ్లీ కష్టమే. ఇంకో తంటా, ఫైబర్‌ను అయస్కాంతానికి గట్టిగా అంటిస్తే దాని సాగుడు కూడా వేడిలాగే కనిపిస్తుంది. అందుకే సన్నని గొట్టంలో వదులుగా ఉంచుతారు. ప్రతి సెన్సార్‌నూ విడిగా, నమ్మకమైన మరో సెన్సార్‌తో పోల్చి సరిచూడాలి. ఓపిక కావాల్సిన పనే.